అలంకార మత్స్యములలో వర్ణవారసత్వము: ముందుగా చెప్పగలిగినదెంత?

గాజుతొట్టెలో ఈదుచున్న ఎఱ్ఱని మగచేపను, నల్లని ఆడుచేపను చూచి, వీనికి పుట్టబోవు పిల్లలు ఏ రంగున నుండునని అడుగుట మిక్కిలి సహజము. కాని ఆ ప్రశ్నకు వెంటనే తోచు సమాధానములలో చాల భాగము పొరపాటులే యగుచుండును. రెండు రంగులును కలిసి మధ్యవర్ణమొకటి పుట్టునని ఒకరు, తండ్రి రంగు కొడుకులకును తల్లి రంగు కూతుండ్రకును వచ్చునని మఱొకరు, రెంటిలో ముదురైనదే నిలుచునని ఇంకొకరు చెప్పుదురు. ఈ మూడు మాటలలో ప్రతియొక్కదానికిని ఏదో ఒక చేపయందు ఆధారము కలదు. ఏ ఒక్కటియు అన్ని చేపలకును వర్తింపదు. గడచిన నూఱు సంవత్సరములకు పైగా డెన్మార్కు, జపాను, చైనా, రష్యా, అమెరికా దేశముల శాస్త్రజ్ఞులు వేలకొలది చేపపిల్లలను లెక్కించి సాధించిన ఫలితములను ఒకచోట కూర్చి, అవి మన ప్రాంతమున చేపలను పెంచువారికి ఎంతవరకు ఉపకరించునో విచారించుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

హైదరాబాదునకు పడమట సుమారు నూఱు కిలోమీటర్ల దూరమున, బీదరు పొలిమేరకు చేరువనున్న జహీరాబాదు ప్రాంతమునకు వంశలక్షణములను పరికించుట క్రొత్త విద్య కాదు. ఈ సరిహద్దున ప్రసిద్ధి గాంచిన దేవణి పశువులలో ఒడలంతయు తెల్లనైన బాలంక్య, తెల్లని ఒంటికి నల్లని మొగముగల వన్నేర, తెల్లదనముపై నల్లమచ్చలు చెదరియున్న శేవెర అను మూడు తెగలు వేర్వేరు పేళ్లతో వ్యవహరింపబడుచున్నవి. పస్తాపురము కేంద్రముగా పనిచేయు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలోని స్త్రీలు జొన్న, సజ్జ, కొఱ్ఱ, కంది మొదలగువాని విత్తనములను ఏఱి, మఱుసటి పంటకు భద్రపఱచుచు, పాత పంటల జాతర పేరిట వానిని ఊరూర ప్రదర్శించుచున్నారు. వంశమును గుర్తెఱిగి ఎన్నుకొను జ్ఞానము ఈ నేలపై నిట్లు చిరకాలముగా నిలిచియున్నది. అయితే ఆవు ఏడాదికి ఒక్క దూడను మించి ఈనుట అరుదు గనుక పశువుల వర్ణనియమము తేలుటకు ఒక మనుష్యుని జీవితకాలము చాలకపోవచ్చును. ఆడు గప్పీ ఇంచుమించు నెలకొక కాన్పున పదులకొలదిగాను, ఫైటర్ చేపల జత ఒక్కసారికే వందలకొలదిగాను పిల్లలనిచ్చును. లెక్కింపదగినన్ని పిల్లలు ఓర్వదగినంత స్వల్పకాలమున లభించుటయే ఈ మత్స్యముల విశేషము. వర్ణమును ముందుగా చెప్పు విద్య ప్రధానముగా లెక్కపెట్టు విద్య యనియు, కంటికి కనబడు రంగుకంటె వ్రాసియుంచిన వంశావళియే నమ్మదగినదనియు, ఆ లెక్క గుంపును గూర్చి చెప్పునే కాని ఒక్కొక్క చేపను గూర్చి చెప్పజాలదనియు ఈ సమీక్షవలన తేలు సారాంశము.

రంగునకు మూలము

చేప చర్మమునందలి రంగు ఒకే పదార్థముచే కలుగునది కాదు. నల్లని మెలనిన్‌ను ధరించు కణములు, పసుపును ధరించునవి, ఎఱుపును ధరించునవి, ఏ వర్ణద్రవ్యమును లేకయే లోపలి స్ఫటికపు రేకులచే వెలుగును త్రిప్పికొట్టి నీలముగనో వెండిగనో మెఱయునవి యని ఆ కణములు పలు తెగలు. ఇవి పిండదశలో నాడీదండము రూపొందు చోట పుట్టి, దేహమంతట వలసపోయి, తమ తమ తావులలో నిలుచును. వీనిలో ఒక తెగ లోపించినను, ఉండియు ద్రవ్యమును తయారుచేయలేకపోయినను, తావు తప్పి గుమిగూడినను చేప రంగు మాఱును. కావున చూపునకు సమానములైన రెండు తెల్లచేపలలో ఒకదాని తెలుపునకు ఒక జన్యులోపమును, రెండవదాని తెలుపునకు వేఱొక జన్యులోపమును కారణములై యుండవచ్చును. అట్టి రెంటిని జతపఱచినప్పుడు పిల్లలన్నియు ముదురువర్ణముతో పుట్టుట వింత కాదు. ఒకదానియందు లేనిదానిని రెండవది సమకూర్చుచున్నదని గ్రహింపవలయును. దృశ్యరూపమును బట్టి జన్యురూపమును నిర్ణయింపరాదను సూత్రమునకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము అక్కఱలేదు.

ఒక్క జన్యువు వర్ణమును ఎంతగా మార్పగలదో లోకమునకు తెలిపినది మన దేశపు చేపయే. గంగానది మత్స్యములను గూర్చి 1822లో ప్రకటించిన గ్రంథమున ఫ్రాన్సిస్ హామిల్టన్ వర్ణించిన చాఱలచేప నేడు జీబ్రాఫిష్ అను పేర ప్రపంచమునందలి పెక్కు ప్రయోగశాలలలో పెంచబడుచున్నది. అందు చాఱలు లేతబారిన గోల్డెన్ అను రకమునకు కారణమైన జన్యువును 2005లో అమెరికాయందలి కీత్ చెంగ్ బృందము గుర్తించి, అదే జన్యువు మనుష్యుల మేనిఛాయను సైతము ప్రభావితము చేయుచున్నదని చూపెను. హైదరాబాదునందలి సి.సి.ఎం.బి. పరిశోధనాసంస్థ శాస్త్రజ్ఞుడు కుమారస్వామి తంగరాజ్ పాల్గొనిన పరిశోధన 2013లో వెలువడి, మేనిఛాయను లేతపఱచు ఆ జన్యురూపము దక్షిణాసియా ప్రజలకును యూరపు ప్రజలకును ఒకే పూర్వమూలమునుండి సంక్రమించినదని నిరూపించినది. గాజుతొట్టెలోని అంగుళమున్నర చేపకును, దానిని చూచు మనుష్యునికిని వర్ణవిషయమున ఒకే జన్యువు పనిచేయుచున్నదను సంగతి ఈ విద్య వినోదమాత్రము కాదని తెలుపుచున్నది.

ఒక్క జన్యువు నడుపు వర్ణములు

జన్యువులు జంటలుగా నుండి, తల్లినుండి ఒకటియు తండ్రినుండి ఒకటియు సంతానమునకు సంక్రమించునని మెండెల్ 1866లో బఠాణీ మొక్కలవలన చూపిన నియమము చేపలకును వర్తించునని ఇరువదవ శతాబ్ది తొలిదశకములలోనే తేలినది. జీబ్రాఫిష్‌లోని గోల్డెన్ వర్ణము అంతర్గతమైనది. దానిని శుద్ధమైన చాఱలచేపతో జతపఱచినచో మొదటితరమంతయు చాఱలతోనే పుట్టును. ఆ తోబుట్టువులను తమలో తాము జతపఱచినచో నాలుగింట ఒక పాలు లేతవర్ణము మఱల బయలుపడును. మనుమలయందు తాతల రంగు కనబడుటకు ఇదియే కారణము. నడిమి తరమున ఆ రంగు నశింపలేదు, దాగియుండెను. పెక్కు అలంకార మత్స్యములలో ఎఱ్ఱని కన్నులుగల అల్బినో రూపము సైతము ఈ మార్గముననే నడచును.

ఇంతకంటె ఉపయోగకరమైనది అసంపూర్ణ బహిర్గతత్వము. 1934లో గుడ్‌రిచ్, మెర్సర్ అనువారు ఫైటర్ చేపల మెఱుపువర్ణమును పరిశీలించి, ఉక్కునీలము, ముదురునీలము, ఆకుపచ్చ అను మూడును ఒకే జన్యువుయొక్క రెండు రూపములచే ఏర్పడుచున్నవని చూపిరి. ఆ రూపములలో ఒకటి రెండు పాళ్లును ఉన్నచో ఉక్కునీలము, వేఱొకటి రెండు పాళ్లును ఉన్నచో ఆకుపచ్చ, ఒక్కొక్కటి ఒక్కొక్క పాలున్నచో ముదురునీలము కలుగును. కావున అందఱును కోరు ముదురునీలపు జతను తెచ్చి పెంచువానికి సగము పిల్లలు మాత్రమే నీలములై, మిగిలినవి నాలుగవ పాలు ఉక్కువర్ణముతోను నాలుగవ పాలు ఆకుపచ్చతోను పుట్టును. ఎన్ని తరములు ఏఱినను నీలము నిలుకడగల వంశముగా కుదురదు. పిల్లలన్నియు నీలములు కావలెనన్నచో నీలమును నీలముతో కాక, ఉక్కువర్ణమును ఆకుపచ్చతో జతపఱచవలయును. కోరిన రంగును పొందుటకు ఆ రంగు లేని తలిదండ్రులను ఎన్నుకొనవలసి యుండుట మొదట విపరీతముగా తోచినను, నియమము తెలిసినవానికి అది సుగమమైన బాట.

బంగారుచేపలలో ఇదే నియమమును చైనా శాస్త్రజ్ఞుడు చెన్ జెన్ 1928లోనే ప్రకటించెను. మామూలు మెఱుపుపొలుసుల చేపను, పొలుసులు పారదర్శకముగా నుండు చేపను జతపఱచగా, పుట్టిన పిల్లలన్నియు పలురంగుల చుక్కలుగల షుబుంకిన్ రూపమును తాల్చెను. షుబుంకిన్‌లను తమలో తాము జతపఱచగా ఒకటి, రెండు, ఒకటి పాళ్లలో మూడు రూపములును తేలెను. ఏంజెల్ చేపలలో నలుపును కలిగించు జన్యువు ఒక్క పాలున్నచో చేప నల్లని లేసు అల్లికవలెను, రెండు పాళ్లున్నచో కాటుకవలెను కనబడునని 1980లనుండి వరుసగా వ్యాసములు వ్రాసిన జోఆన్ నార్టన్ వివరించెను. కాటుకనలుపు పిల్లలు తోడివానికంటె బలహీనములై నెమ్మదిగా పెరుగుట పెంపకందారులకు అనుభవసిద్ధము. మూడు జాతులు, మూడు పేళ్లు, నియమము మాత్రమొక్కటే.

తండ్రినుండి కొడుకునకు

మన గ్రామములలో దోమలను అణచుటకు చెఱువులలోను బావులలోను వదలు గప్పీ చేపయే లింగసహలగ్నములకు, అనగా లింగమును నిర్ణయించు క్రోమోసోములపై నుండు జన్యువులచే నడచు వర్ణములకు, ప్రథమోదాహరణమగుట గమనింపదగినది. ఆంగ్విల్లా ఈలుచేపల పుట్టుచోటును వెదకి సర్గాసో సముద్రమును చేరిన డెన్మార్కు శాస్త్రజ్ఞుడు యోహానెస్ ష్మిట్ 1920లో, మగగప్పీ వీపురెక్కపై నుండు నల్లచుక్క తండ్రినుండి కొడుకులందఱికిని సంక్రమించుననియు, కూతుండ్రద్వారా దౌహిత్రులకు ఎన్నడును పోదనియు చూపెను. ఆతని దేశీయుడే యగు ఓయ్‌విన్ వింగె 1922లో దీనికి కారణము మగచేపయందు మాత్రముండు వై క్రోమోసోమేనని నిర్ణయించి, 1927 నాటికి గప్పీలో పదునెనిమిది జన్యువుల స్థానములను తెలిపెను. వానిలో కొన్ని వైని విడువవు. కొన్ని అరుదుగా వైనుండి ఎక్స్‌కు, ఎక్స్‌నుండి వైకి వినిమయమగును. జపానునందు తాత్సువో ఐదా 1921లో మెడాకా చేపలలో, ఎఱుపు జన్యువు తండ్రి వైపై నుండుటచే కొడుకులెల్ల ఎఱుపును, కూతుండ్రెల్ల తెలుపును అగు వంశమును నిలిపి, అందును వినిమయమువలన అరుదుగా తలక్రిందులగు పిల్లలు పుట్టుచుండుటను గుర్తించెను.

ఈ ఫలితములనుండి పెంపకందారు గ్రహింపవలసినవి రెండు. మొదటిది, రంగులేని ఆడుగప్పీ వర్ణజన్యువులు లేనిది కాదు; అవి ఆమెయందు దాగియుండి, కొడుకులయందు బయలుపడును. కావున అందమైన మగచేపను మాత్రము ఎన్నుకొని, ఏదో యొక ఆడుచేపను జతచేయువాడు సగము వంశమును విస్మరించుచున్నాడు. రెండవది, ఆడుగప్పీ ఒక్క సంగమమున పొందిన బీజమును చాల నెలలు దాచుకొని పలు కాన్పులకు వినియోగించుకొనును. దుకాణమునుండి తెచ్చిన ఆడుచేప ఈనిన పిల్లల తండ్రి మన తొట్టెలోని మగచేపయే యని నిశ్చయింపరాదు. పిల్లలను మగ ఆడు గుర్తు తెలిసిన తోడనే వేఱుచేసి, కన్యలను మాత్రమే జతపఱచనిదే గప్పీల వంశావళికి విలువ లేదు. ప్లాటీ చేపలలో సమస్య ఇంకను జటిలము: తొట్టెలలో పెంచబడిన వంశములందు ఆడుచేపయే భిన్న లింగక్రోమోసోములు కలదియనియు, మెక్సికో నదులలోని కొన్ని వంశములందు మగచేపయే అట్టిదియనియు మైరన్ గోర్డన్ 1940లలో కనుగొనెను. ఒకే జాతియందు సైతము ఊరు మాఱిన నియమము మాఱుచున్నది.

తండ్రినుండి కొడుకునకు మాత్రమే పోవు లక్షణమును గూర్చిన విచారణలో తెలుగువాని పేరొకటి శాస్త్రచరిత్రయందు నిలిచినది. పిఠాపురమున 1937లో జన్మించి, కలకత్తాలో జన్యుశాస్త్రజ్ఞుడు హాల్డేన్‌కు శిష్యుడై, పిమ్మట అమెరికాలో స్థిరపడిన ద్రోణంరాజు కృష్ణారావు, చెవి అంచున వెండ్రుకలు దట్టముగా మొలచు లక్షణము వై క్రోమోసోముద్వారా సంక్రమించునని సూచించు ఆంధ్ర కుటుంబ వంశావళిని 1960లో ప్రకటించెను. ఆ వంశావళి చాలకాలము పాఠ్యగ్రంథములలో ఉదాహరణగా నుండెను. కాని 2004లో దక్షిణ భారతీయ పురుషుల వై క్రోమోసోములను నేరుగా పరీక్షించిన శాస్త్రజ్ఞులు ఆ సంబంధమును సమర్థింపలేదు. మనుష్యులలో కోరినట్లు సంకరణము జరుపరాదు; కుటుంబములు చిన్నవి; కావున ఎంత శ్రద్ధతో వ్రాసిన వంశావళియైనను వేఱొక పరీక్ష కోరుచునే యుండును. గప్పీలో ఆ పరీక్ష ఒక్క సంవత్సరమున ముగియును. ద్రోణంరాజు కృషిని గౌరవించుచు చెప్పవలసినదేమనగా, చేపలను పెంచువానికి లభించిన అవకాశము మానవజన్యు శాస్త్రజ్ఞునికి సైతము దుర్లభము.

పలు జన్యువులు, ప్రాణహానులు

రెండు జన్యువులు కలిసినచోట లెక్క వేఱగును. గప్పీలో మేనివర్ణమును లేతపఱచు గోల్డ్, బ్లాండ్ అను రెండు అంతర్గత జన్యువులు కలవు. శుద్ధమైన గోల్డ్‌ను శుద్ధమైన బ్లాండ్‌తో జతపఱచగా పిల్లలన్నియు ప్రకృతిలోని మామూలు గప్పీ మేనిరంగుతో పుట్టును. మఱుసటి తరమున రెండును కలిసిన మీగడవర్ణపు చేప పదునాఱింట ఒక్కటి మాత్రమే తేలును. బంగారుచేపయందలి నీలము ఒక్క అంతర్గత జన్యువుచే కలుగుననియు, గోధుమవర్ణమునకు మాత్రము నాలుగు అంతర్గత జన్యువులు కూడవలెననియు చెన్ 1934లో ప్రకటించెను. ఆ లెక్కన సంకరపు రెండవ తరమున గోధుమచేప ఇన్నూట ఏబదియాఱింట ఒక్కటి.

కొన్ని పాళ్లు మరణముచే మాఱును. మనము బంగారుతీగ యని పిలుచు చేప పొలుసులను ఎస్, ఎన్ అను రెండు జన్యువులు శాసించుచున్నవని కిర్పిచ్నికోవ్ మొదలగు రష్యా శాస్త్రజ్ఞులు 1930లలో చూపిరి. ఎన్ రెండు పాళ్లు గల పిల్లలు బ్రతుకవు. అందుచే మూడింటికి ఒకటి యను పాలు రెంటికి ఒకటిగా కనబడును. బ్రతికినవానినే లెక్కించి నియమము తప్పినదని అనుకొనువాడు చనిపోయినవానిని లెక్కలో చేర్చలేదని తెలియవలయును. 1939లో నీలగిరులకు తెచ్చిన అద్దపుపొలుసుల బంగారుతీగ ఈ జన్యుభేదముల వలన పుట్టినదే.

వర్ణముకొఱకు జాతులను కలుపుట ఎంతటి విపత్తునకు దారితీయునో ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ చేపల సంకరము తెలుపుచున్నది. నల్లచుక్కగల ప్లాటీని స్వోర్డ్‌టెయిల్‌తో కలిపి, ఆ సంతానమును మఱల స్వోర్డ్‌టెయిల్‌తోనే జతపఱచినచో, నలుపు అదుపుతప్పి ప్రాణాంతకమైన కణితిగా పెరుగును. 1920ల చివర గోర్డన్, కోస్విగ్, హాయిస్లర్ వేర్వేరుగా దీనిని గుర్తించిరి. కారణమైన జన్యువు 1989లో తెలిసినది. ప్లాటీయందు ఆ జన్యువును అణచియుంచు వేఱొక జన్యువు కలదు. పశ్చసంకరణమున అది జాఱిపోవును. చుక్క మఱింత నల్లనగుట చూచి సంతసించు పెంపకందారు ఆ చేప వ్యాధిని చూచి సంతసించుచున్నాడని ఎఱుగవలయును.

జన్యువులు చెప్పనివి

ఇంతవరకు చెప్పినవి లెక్కకు లొంగునవి. లొంగనివి మఱికొన్ని కలవు. జపానునందలి నీగాటా కొండపల్లెలలో పుట్టి, 1914నాటి టోక్యో ప్రదర్శనముచే ప్రసిద్ధి కెక్కిన కోయీ చేపలలో, తెల్లని మేనిపై ఎఱుపు మచ్చలుండుట వంశలక్షణమే కాని, ఆ మచ్చలు ఏ తావున, ఏ ఆకృతితో నుండునో తలిదండ్రులను చూచి చెప్పుట అసాధ్యము. వర్ణకణములు పిండదశలో వలసపోవునప్పుడు పరస్పరము ప్రేరేపించుకొనుచు, అణచుకొనుచు తావులను నిర్ణయించుకొనును గనుక ఆ వలసలోని యాదృచ్ఛికత ఒకే తల్లిపిల్లలలో సైతము వేర్వేరు చిత్రములను వ్రాయును. అందుచేతనే కోయీలను పెంచువారు వేలకొలది పిల్లలను పుట్టించి, పలుమాఱులు ఏఱి, కొలదిని మాత్రమే నిలుపుదురు. ఫైటర్ చేపలలో మార్బుల్ అను రకము జీవితకాలముననే రంగులు మార్చుకొనును. నేడు చూచిన రూపమును బట్టి ఆఱునెలల పిమ్మటి రూపమును చెప్పరాదు.

ఎఱుపు, పసుపులలో అధికభాగము ఆహారమునుండి లభించు కెరొటినాయిడ్లవలన కలుగును. చేప వానిని స్వయముగా తయారుచేసికొనలేదు. జన్యువు వానిని నిలువచేయు శక్తిని మాత్రమిచ్చును. మేతలో రొయ్యపొట్టో, స్పిరులినాయో, బంతిపూల రేకుల సారమో లేనిచో శుద్ధవంశపు ఎఱ్ఱచేపయు పాలిపోవును. తొట్టె అడుగు తెల్లనైనచో చేప లేతబారును, నల్లనైనచో ముదురును. బంగారుచేప పిల్లలు మొదట ముదురురంగున నుండి, నెలలు గడచిన పిమ్మటనే బంగారువన్నె పొందును. ఇక మన దేశపు నీళ్లలోనే యుండు గాజుచేపకు సూదితో రంగుద్రావకము ఎక్కించి అమ్ము దురాచారము కలదు. ఆ రంగు సంతానమునకు రాదు సరికదా, చేపకే నిలువదు, బాధ మాత్రము నిలుచును. 1990లలో మలేషియాలో పలుజాతుల సంకరముగా పుట్టిన ఫ్లవర్‌హార్న్‌ను తెచ్చి, తల్లివలె పిల్లలు పుట్టునని ఆశించుటయు నిష్ఫలము. సంకరపు గుణములు తరువాతి తరమున చెదరును.

లెక్క యొక్క బలము

తెలియని వంశపు చేపయందు అంతర్గత జన్యువు దాగియున్నదా యని తెలిసికొనుటకు పరీక్షాసంకరణమే శరణ్యము. సందేహింపబడిన చేపను ఆ అంతర్గతవర్ణమును ధరించిన చేపతో జతపఱచినచో, జన్యువు దాగియున్న పక్షమున సగము పిల్లలు ఆ వర్ణముతో పుట్టవలయును. ఐదు పిల్లలు పుట్టి ఐదును మామూలువైనచో, జన్యువుండియు అట్లు జరుగు సంభావ్యత ముప్పదిరెంటిలో ఒకటి. ఏడు పుట్టి ఏడును మామూలువైనచో నూటఇరువదియెనిమిదింటిలో ఒకటి. ఒక్క కాన్పుతోనే సందేహము తీరుచున్నది. కోరిన వర్ణము నాలుగింట ఒకటిగా రావలసినచో, నూటికి తొంబదియైదు పాళ్ల నమ్మకముతో కనీసమొక్కటి లభించుటకు 11 పిల్లలను, పదునాఱింట ఒకటియైనచో 47ను, చెన్ చెప్పిన గోధుమవర్ణమువలె ఇన్నూట ఏబదియాఱింట ఒకటియైనచో 766ను పెంచవలయును. రెండడుగుల తొట్టె ఒక్కటి గలవాడు నాలుగు జన్యువుల వర్ణమును ఆశింపరాదని ఈ సంఖ్యలే చెప్పుచున్నవి.

పాళ్లు అచ్చముగా రావను సంగతియు మఱువరాదు. నీలపు ఫైటర్ల జతకు పుట్టిన నూఱు పిల్లలలో 25, 50, 25 రావలసినచోట 30, 45, 25 వచ్చినచో అది నియమభంగము కాదు. అంతటి తేడా యాదృచ్ఛికముగనే కలుగవచ్చును. 10, 45, 45 వచ్చినచో మాత్రము తలిదండ్రులలో ఒకరిని గూర్చిన మన యూహయైనను తప్పైయుండవలయును, ఒక తెగ పిల్లలైనను చనిపోయియుండవలయును. అందుచే పుట్టినవెన్ని, చచ్చినవెన్ని, ఏ వయస్సున ఎన్నిటిని ఏ రంగున లెక్కించితిమి అను మూడు సంఖ్యలును ప్రతి కాన్పునకు వ్రాయనిదే ఆ కాన్పు శాస్త్రమునకు పనికిరాదు.

నేటి స్థితి, మన కర్తవ్యము

ఈ పరిశోధనలన్నిటిని కలిపి చూచినచో ప్రశ్నకు మూడు తరగతుల సమాధానము లభించుచున్నది. ఒక్క జన్యువుచే నడచు వర్ణమును, తలిదండ్రుల వంశము తెలిసినప్పుడు, గుంపుపాలుగా నిశ్చయముగా చెప్పవచ్చును. లింగసహలగ్నమైనవానిని, పలు జన్యువులచే కలుగువానిని, ఆ వంశమునందే పరీక్షించిన పిమ్మట చాలవఱకు చెప్పవచ్చును. మచ్చల ఆకృతిని, జీవితకాలమున మాఱు రంగులను, సంకరముల సంతానమును ఒక్కొక్క చేపను గూర్చి చెప్పుట నేటికిని సాధ్యము కాదు. సాధ్యమని చెప్పి చేపను అమ్మువాని మాట విశ్వసింపరాదు. మేలురకపు పేళ్లు అంగడిలో పుట్టినవి, జన్యువులు వంశములో పుట్టినవి. ఒకే పేరున అమ్మబడు రెండు చేపలు వేర్వేరు జన్యువులు గలవై యుండుట సామాన్యము.

కావున జహీరాబాదు వంటి చిన్న పట్టణమున చేపలను పెంచువానికి ఖరీదైన చేపకంటె క్రమమైన పుస్తకము ముఖ్యము. ప్రతి తొట్టెకు సంఖ్యయు, ప్రతి జతకు తలిదండ్రుల గుర్తును, కాన్పు తేదియు వ్రాయవలయును. ఒకే జంటనుండి తరతరములు తోబుట్టువులనే జతపఱచినచో రంగు స్థిరపడినను సంతానము తగ్గును, వెన్ను వంకరలు పుట్టును. రెండు మూడు వంశములను వేఱుగా నిలిపి, అప్పుడప్పుడు కలుపుట మేలు. ఇచ్చిపుచ్చుకొనునప్పుడు చేపతోపాటు దాని వంశావళియు ఇచ్చు ఆచారము పెంపకందారులలో నెలకొనవలయును. ఏఱివేసిన చేపలను నారింజవాగులోను, మంజీరపై సింగూరు జలాశయములోను విడుచుట మహాపరాధము. తొట్టెలనుండి పాఱవేయబడిన దెయ్యపుచేప మన రాష్ట్రముల జలాశయములలో వ్యాపించి జాలరుల వలలను చింపుచున్న సంగతి కన్నులయెదుటనే కలదు.

చివరకు విద్యాలయములను గూర్చి ఒక్కమాట. మన కళాశాలలలో మెండెల్ నియమములు నల్లబల్లపై అక్షరములుగా బోధింపబడుచున్నవి. ఉక్కువర్ణపు ఫైటర్‌ను ఆకుపచ్చ ఫైటర్‌తో జతపఱచి, నీలపు పిల్లలను పెంచి, వానిని మఱల జతపఱచి, రెండవ తరమును లెక్కించుటకు ఒక్క విద్యాసంవత్సరము చాలును. అందుకు వలసినవి కొన్ని సీసాలు, రెండు మూడు తొట్టెలు, పిల్లలకు మేతగా సూక్ష్మమైన సజీవాహారము, ప్రతిదినము తప్పక చూచు ఒక విద్యార్థి. అట్టి లెక్క యొక కళాశాలలో మొదలై, సంవత్సరముల తరబడి ఒకే పుస్తకమున కొనసాగినచో, అది విద్యార్థులకు పాఠమును, పెంపకందారులకు నమ్మదగిన వంశమును ఒకేసారి ఇయ్యగలదు. ష్మిట్, ఐదా, చెన్ మొదలగువారు సాధించినది ప్రధానముగా ఇట్టి ఓర్పుతో కూడిన లెక్కవలననే. ఆ ఓర్పు మన విద్యాలయములకు అసాధ్యమైనది కాదు.